షాట్ మధ్యలో కెమెరా మనసు మార్చుకుంటే

ఒక మనిషి కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడు. వెలుతురు బాగుంది, ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. రెండో నిమిషంలో ఆయన వెనక నుంచి తెల్లచొక్కా వేసుకున్న మరొకరు దాటి వెళ్లారు. అంతే, కెమెరా కంగారుపడిపోయింది. ఇంత తెలుపు ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెలుతురు తగ్గించేసింది, మాట్లాడే మనిషి ముఖం నల్లబడింది. ఫోకస్ ఆ చొక్కా వెంట పోయి, తడుముకుంటూ మళ్లీ ముఖం మీదికి వచ్చింది. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఆ మనిషి చెబుతున్న మాటల్లో అసలైనది ఆ నాలుగు సెకన్లలోనే పడితే ఇక ఎడిటింగ్‌లో చేయగలిగేది ఏమీ ఉండదు.

కొత్తగా వీడియో తీసేవాళ్ల షాట్లలో కనిపించే లోపాలు చాలావరకు ఈ కోవలోవే. ఫోటో ఒక్క క్షణం. ఆ క్షణానికి ఏది సరిపోతుందో కెమెరా లెక్కగట్టి తీసేస్తే పని అయిపోతుంది, తర్వాతి ఫోటోకి మళ్లీ కొత్త లెక్క. వీడియోలో షాట్ పది సెకన్లు నడవొచ్చు, పది నిమిషాలూ నడవొచ్చు. ఆ మధ్యలో కెమెరా కొత్త లెక్క వేసిన ప్రతిసారీ ఆ మార్పు తెరమీద బయటపడుతుంది. కాబట్టి వీడియోలో మొదట నేర్వాల్సింది రికార్డు బటన్ నొక్కేముందు వేటిని బిగించేయాలి, వేటిని వదలొచ్చు అన్నదే.

షట్టర్ స్పీడ్‌తో వెలుతురు సర్దకండి

ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు), షట్టర్ స్పీడ్ (ఒక్కో బొమ్మ మీద వెలుతురు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలి). ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆటోకి వదిలేస్తారు. వరస తెలిస్తే ముడి దానంతటదే విడిపోతుంది. ఫోటోలు తీసే అలవాటున్నవాళ్లు ఎండ ఎక్కువగా ఉంటే ముందు షట్టర్ స్పీడ్ పెంచుతారు. వీడియోలో ఆ అలవాటు మానుకోవాలి.

మొదట ఫ్రేమ్ రేటు. మాటల సినిమా వచ్చిన 1920ల చివర్లో సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. టీవీ లెక్కలు కరెంటును బట్టి వచ్చాయి: 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల్లో 25, 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 30. మీ ఊళ్లో కరెంటు ఏదైతే దానికి తగ్గ సంఖ్య పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఎందుకో కిందే తెలుస్తుంది. 50, 60 ఫ్రేములు స్లోమోషన్‌కి పనికొస్తాయి. 50లో తీసినదాన్ని 25లో ఆడిస్తే కదలిక సగం వేగానికి దిగుతుంది. మామూలు వేగంలో చూపించే షాట్లన్నీ మాత్రం ఒకే ఫ్రేమ్ రేటులో తీయండి. కొన్ని 24లో, కొన్ని 30లో తీసి కలిపితే కొన్ని ఫ్రేములు రెండుసార్లు వస్తాయి, లేదా మధ్యలో ఎగిరిపోతాయి. నడిచే మనిషి గతుకుల రోడ్డు మీద వెళుతున్నట్టు కనిపిస్తాడు.

తర్వాత షట్టర్. ఫ్రేమ్ రేటుకు రెట్టింపు పెట్టాలి: 25కి సెకనులో 1/50 వంతు, 30కి 1/60. పాత ఫిల్మ్ కెమెరాల్లో ఫిల్మ్ ముందు ఒక బిళ్ల తిరుగుతుండేది, అందులో సగం కోసేసి ఉండేది. ఆ కోసిన సగం ఎదురుగా వచ్చినంతసేపే ఫిల్మ్ మీద వెలుతురు పడేది, మిగతా సగంలో ఫిల్మ్ ఒక ఫ్రేమ్ ముందుకు జరిగేది. వృత్తంలో సగం 180 డిగ్రీలు కాబట్టి దీన్ని 180 డిగ్రీల షట్టర్ అంటారు. అలా తీస్తే కదిలే చెయ్యి ఒక్కో ఫ్రేమ్‌లో కాస్త అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆ అలుకుడే ఒక ఫ్రేమ్‌ను ఇంకో ఫ్రేమ్‌తో అతుకుతుంది, కంటికి కదలిక సాఫీగా తోస్తుంది. అదే 1/1000 పెడితే ప్రతి ఫ్రేమ్ చెక్కినట్టు వస్తుంది, చెయ్యి మాత్రం టకటకా గెంతుతుంది. లెన్స్ ముందు చెయ్యి ఊపుతూ రెండు సెట్టింగుల్లోనూ పది సెకన్ల చొప్పున తీసి చూడండి. ఇక మరిచిపోరు.

షట్టర్‌కి ఇంకో ముడి కూడా ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/50, 1/100 పెడితే ప్రతి ఫ్రేమ్‌లోనూ అన్నే మినుకులు పడతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. అక్కడే 1/60 పెట్టారో, తెరమీద నల్లటి పట్టీలు పాకుతాయి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఇదే తిరగబడి 1/60, 1/120 సరిపోతాయి. కెమెరా మెనూలో 50, 60 మార్చుకునే చోటు ఉంటుంది. కొత్త కెమెరా చేతికి రాగానే అది చూసుకోవాలి. వెలుగు తగ్గించి పెట్టిన చవకరకం ఎల్‌ఈడీలు ఈ లెక్కకు కూడా లొంగవు. వాటిని పూర్తి వెలుగులో ఉంచడమో, ఆపేయడమో మంచిది.

షట్టర్ బిగిసిపోయింది. మరి ఎండలో వెలుతురును ఏం చేయాలి? మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి, షట్టర్ 1/50లో ఉంచితే అపర్చర్ ఎఫ్/22 దాకా మూసుకోవాల్సి వస్తుంది. అంత చిన్న రంధ్రంలోంచి వెళ్లే వెలుతురు చెదిరి బొమ్మ మెత్తబడుతుంది, పైగా లోపల బొమ్మ పడే సెన్సర్ మీది దుమ్ము కూడా కనిపించే ప్రమాదం. అక్కడే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. అది కెమెరాకు పెట్టే నల్లద్దాలే, రంగు మార్చకుండా వెలుతురును మాత్రం తగ్గిస్తుంది. ఎఫ్/22 నుంచి ఎఫ్/5.6కి రావాలంటే 16, 11, 8, 5.6 అని నాలుగు మెట్లు దిగాలి. మెట్టుకు వెలుతురు రెట్టింపు, అంటే మొత్తం 16 రెట్లు. కాబట్టి ఎన్‌డీ16 సరిపోతుంది. వెనక భాగం ఇంకా మసకబారాలని ఎఫ్/2.8 కావాలంటే మరో రెండు మెట్లు, ఎన్‌డీ64. తిప్పుతూ ముదురు, లేత చేసుకునే వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యమే గానీ, దాన్ని చివరిదాకా తిప్పితే ఫ్రేమ్‌లో ఇంటూ గుర్తు ఆకారంలో నల్లటి నీడ పడుతుంది. ఎక్కువ వెడల్పు చూపే వైడ్ లెన్స్ మీద అది ఇంకా ముందే మొదలవుతుంది.

ఫ్రేమ్ రేటు, షట్టర్, అపర్చర్, తర్వాత ఎన్‌డీ, అప్పటికీ చాలకపోతే ఐఎస్‌ఓ. చీకటి గదిలో ఐఎస్‌ఓ పెంచక తప్పకపోతే పెంచండి. గింజగింజగా వచ్చిన బొమ్మను చూసేవాళ్లు క్షమిస్తారు, ముఖమే కనిపించని బొమ్మను క్షమించరు. అయితే ఐఎస్‌ఓ పెంచేముందు ఆ మనిషిని కిటికీకి రెండడుగులు దగ్గరికి జరపగలమా అన్నది చూడాలి.

వెలుతురు సరిపోయిందో లేదో చిన్న తెర మీద చూసి తేల్చకండి. ఎండలో తెర చీకటిగా తోస్తుంది, రాత్రి పూట మిలమిలలాడుతుంది. జీబ్రా గీతలు ఆన్ చేసుకోండి. వాటిని 100 శాతం దగ్గర పెడితే ఎక్కడ తెల్లగా కాలిపోయిందో అక్కడ చారలు కనిపిస్తాయి. ఆకాశంలో, బల్బు మీద చారలు ఉంటే ఉండనివ్వండి. నుదుటి మీద, ముక్కు మీద కనిపిస్తే మాత్రం అపర్చర్ ఒక మెట్టు మూయాలి. కాలిపోయిన చోట రంగు, వివరం రెండూ పోతాయి, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ముఖాన్నే కొలవాలంటే ఛాయను బట్టి 50 నుంచి 70 మధ్య పెట్టి, ముఖంలో వెలుతురు పడే వైపు చారలు అప్పుడే మొదలయ్యేలా చూసుకోవాలి.

రంగు, ఫోకస్

తెలుపు తెల్లగానే కనిపించేలా రంగును సర్దే వైట్ బ్యాలెన్స్ విషయంలో ఒక్కటే మాట: ఆటో వద్దు. ఎండకు 5600 కెల్విన్, పాతకాలపు పసుపు బల్బులకు 3200 దరిదాపుల్లో. అంకెలు గుర్తుండకపోతే ఆ వెలుతురులోనే తెల్లకాగితం పెట్టి కెమెరాకు చూపించండి, అదే సరిచేసుకుంటుంది. చోటు మారితే మళ్లీ చూపించాలి. రంగు మొత్తం ఒకే తీరుగా తప్పితే ఎడిటింగ్‌లో ఒక్కసారి సరిదిద్దుకోవచ్చు. షాట్ నడుస్తుండగా నీలం నుంచి పసుపులోకి జారితే ప్రతి సెకనుకూ విడిగా దిద్దాలి. ఇక ఒకే ముఖానికి ఒక పక్క కిటికీ వెలుతురు, ఇంకో పక్క పసుపు బల్బు ఉంటే ఏ అంకె పెట్టినా ఒక చెంప తప్పుతుంది. బల్బు ఆపేయడమే మార్గం.

ఫోకస్ సంగతి కాస్త వేరు. ముఖాన్ని గుర్తుపట్టి వెంబడించే ఇప్పటి ఆటోఫోకస్ నిజంగా మంచిదే. నడుస్తున్న మనిషిని తీసేటప్పుడు, సాయం లేకుండా ఒక్కరే తీసుకునేటప్పుడు దాన్నే నమ్ముకోండి. కూర్చున్న మనిషిని తీసేటప్పుడు మాత్రం కంటి మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చేయాలి. ముందు పూర్తిగా జూమ్ చేసి, కంటి మీద ఫోకస్ బిగించి, వెనక్కి వచ్చి ఫ్రేమ్ పెట్టుకోమని పాతవాళ్లు చెబుతారు. హ్యాండీక్యామ్ లాంటి వీడియో కెమెరాల లెన్సులకు అది సరైన పద్ధతే. ఫోటోల కోసం చేసిన చాలా జూమ్ లెన్సుల్లో జూమ్ మార్చగానే ఫోకస్ కూడా జరిగిపోతుంది. వాటికి ముందు ఫ్రేమ్ పెట్టుకుని, తెరమీది బొమ్మను బటన్‌తో పెద్దది చేసి చూసి ఫోకస్ బిగించాలి.

స్టాండు, నడుము, పది సెకన్లు

ట్రైపాడ్ నిలబెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. మూడు కాళ్లలో ఒకటి లెన్స్ కిందికి ముందుకు రావాలి, మిగతా రెండింటి మధ్య మీరు నిలబడాలి. అప్పుడు కెమెరా ముందుకు ఒరిగినా ఆ కాలు ఆపుతుంది, మీ పాదాలకూ ఏదీ అడ్డు రాదు. పొడవు కావాలంటే ముందు లావుగా ఉన్న పై గొట్టాలు లాగండి, సన్నవి చివర్లో. మధ్య కర్రను మాత్రం పైకి లేపొద్దు. అది లేచిందంటే మూడు కాళ్ల స్టాండు ఒంటికాలి స్టాండైపోతుంది. బుడగ మట్టం మధ్యకు వచ్చాకే కెమెరా పెట్టాలి. ముందు మట్టం చూడకుండా పెట్టి, ఒకవైపు మాత్రం సరిగ్గా ఉండేలా సర్దితే, కెమెరాను పక్కకు తిప్పిన కొద్దీ నేల వాలిపోతుంది.

స్టాండు మీద పెట్టగానే చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఆపేయండి. కెమెరాను పక్కకు తిప్పుతుంటే అది దాన్ని వణుకు అనుకుని కాసేపు పట్టి ఉంచుతుంది, ఆపైన వదిలేస్తుంది. ఇలా పక్కకు తిప్పడాన్నే ప్యాన్ అంటారు; దాని మొదట్లో, చివర్లో కనిపించే ఆ చిన్న కుదుపు చేతిదనుకుంటారు గానీ చాలాసార్లు అది స్టెబిలైజర్ పనే.

ప్యాన్‌కి అసలు రహస్యం నడుములో ఉంది. చాలామంది మొదలుపెట్టే చోటికి ఎదురుగా నిలబడి, అక్కణ్నుంచి ఒళ్లు మెలితిప్పుకుంటూ వెళతారు. చివరికి వచ్చేసరికి ఒళ్లు బిగుసుకుపోయి చెయ్యి వణుకుతుంది, కంటికి బాగా ఆనే చోటూ అదే. దీన్ని తిరగేయాలి. పాదాలు ప్యాన్ ఆగే వైపుకు పెట్టి, నడుము మాత్రం మొదలయ్యే వైపుకు తిప్పి పట్టుకోండి. రికార్డు నొక్కి, ఐదు సెకన్లు కదలకుండా ఉండండి. తర్వాత చుట్టిన దారం విప్పుకున్నట్టు ఒళ్లు విడుస్తూ రండి. ఆగాల్సిన చోట నెమ్మదిగా ఆగి, ఇంకో ఐదు సెకన్లు ఉండి అప్పుడు ఆపండి. వేగం ఎంతంటే, ఫ్రేమ్‌లో ఒక అంచున కనిపించిన చెట్టు రెండో అంచు దాటడానికి ఏడు సెకన్లు పట్టాలి. అంతకంటే తొందరపడితే బొమ్మ వణికినట్టు అదురుతుంది. ఇంకా వేగంగా తిప్పితే స్తంభాలు పక్కకు ఒరుగుతాయి, ఎందుకంటే చాలా కెమెరాల సెన్సర్ బొమ్మను పైవరస నుంచి కిందివరసకు ఒక్కో వరసగా చదువుతుంది. కింది వరస చదివేలోపు స్తంభం జరిగిపోతుంది.

ప్యాన్ ఎక్కడ ఆగాలో తెలియకపోతే ప్యాన్ చేయొద్దు. దాని బదులు మూడు కదలని షాట్లు తీసుకోండి. జూమ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఆపి, దగ్గరికి నడిచి వెళ్లి, మళ్లీ తీయడం దాదాపు ప్రతిసారీ జూమ్ కంటే మెరుగు.

స్టాండు లేనప్పుడు మోచేతులు డొక్కలకు ఆనించండి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టండి, మెడలో వేసుకున్న పట్టీ బిగుసుకునేలా కెమెరాను ముందుకు నెట్టి పట్టుకోండి. గోడో, స్తంభమో ఉంటే ఆనుకోండి. లెన్స్ వైడ్‌లోనే ఉంచాలి. జూమ్ ఎంత పెంచితే వణుకు అంత పెరుగుతుంది.

ప్యాన్ అయినా కాకపోయినా ఏ షాటూ పది సెకన్లకు తగ్గకూడదు. ఎడిటింగ్‌లో మూడు సెకన్లే వాడినా, ఏ మూడు అన్నది తర్వాత తేల్చుకోవాలంటే ముందూ వెనకా జాగా కావాలి.

ఫ్రేమ్, దాని తర్వాతి ఫ్రేమ్

ఫ్రేమ్‌ను నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, కళ్లను పై గీత మీద పెట్టమనేది అందరూ చెప్పేదే, పనికొచ్చేదే. తల మీద బోలెడు ఖాళీ వదలడం కొత్తవాళ్ల అలవాటు, దాన్ని ఈ ఒక్క సూత్రం సరిచేస్తుంది. మనిషి ఎటు చూస్తున్నాడో అటు ఎక్కువ చోటు వదలండి. మెడ, మోకాలు, మణికట్టు లాంటి కీళ్ల దగ్గర ఫ్రేమ్ తెగితే ఆ భాగం ఊడిపోయినట్టు ఉంటుంది, కాస్త పైనో కిందో కోయాలి.

వీడియోలో ఒక్క ఫ్రేమ్ అందంగా ఉంటే చాలదు, దాని పక్కన ఇంకో షాట్ అతకాలి. సైకిల్ ట్యూబుకు ప్యాచ్ వేస్తున్న మనిషినే తీసుకోండి. ఒక చోట నిలబడి ఆరు నిమిషాలూ ఏకబిగిన తీస్తే ఎవరూ చూడరు. ముందు చేతులు దగ్గర నుంచి: గరుకు కాగితంతో రబ్బరు మీద గీరడం, దుమ్ము రాలడం. తర్వాత ముఖం: కళ్లు కిందికి చూస్తుంటాయి, పెదవులు బిగించి ఉంటాయి. ఆ తర్వాత దూరం నుంచి మనిషి, తిరగేసిన సైకిల్, చుట్టూ పనిముట్లు. భుజం వెనక నుంచి ఒకటి: ఆయన చూస్తున్నది మనకు ఆయన కళ్లతో కనిపించాలి. చివరగా నేల మట్టంలో కెమెరా పెట్టి, చక్రం చువ్వల్లోంచి ఒకటి. ఈ ఐదూ ఉంటే ఆరు నిమిషాల పని నలభై సెకన్లలో చెప్పొచ్చు, ఎక్కడా ఏదో పోయిందనిపించదు. గీరడం, జిగురు రాయడం, అదిమిపెట్టడం ఇలా మళ్లీ మళ్లీ చేసే పనులను వేర్వేరు చోట్ల నుంచి తీసుకుంటే అతుకు చక్కగా కుదురుతుంది.

షాట్ మారినప్పుడు కెమెరా కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, బొమ్మ పరిమాణమూ మారాలి. అంతకంటే తక్కువైతే షాట్ మారినట్టు ఉండదు, బొమ్మ ఉలిక్కిపడినట్టు ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్కన ఉండేలా చూసుకోండి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు వస్తుంది. దీన్నీ 180 డిగ్రీల నియమమే అంటారు. షట్టర్ దగ్గర చెప్పిన 180కీ దీనికీ ఏ సంబంధం లేదు, పేరు ఒకటే కావడంతో చాలామంది కలిపేసుకుంటారు.

చెవికి తెలిసేది

కెమెరా మీదుండే మైకు కెమెరాకు దగ్గర, మనిషికి దూరం. మైకుకూ నోటికీ దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలో మారుమోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. బాత్రూములో మాట్లాడినట్టు వినిపించే వీడియోలకు కారణం ఇదే. చొక్కాకు తగిలించే మైకైతే గడ్డానికి జానెడు కింద పెట్టండి, గొలుసుకో కాలరుకో రాసుకోకుండా చూడండి.

శబ్దంలోనూ కెమెరా మనసు మార్చుకుంటుంది. ఆటో లెవెల్ పెట్టి ఉంటే, మనిషి మాట ఆపిన రెండు సెకన్లలోనే ఆ నిశ్శబ్దాన్ని పెంచడం మొదలుపెడుతుంది. ఫ్యాను హోరు పైకి లేస్తుంది, మాట మొదలవగానే మళ్లీ అణుగుతుంది. మాన్యువల్‌కి మార్చి, ఆ మనిషిని మామూలుగా మాట్లాడమని, మీటరు ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దరిదాపుల్లో ఆడేలా, నవ్వినా గట్టిగా అన్నా మైనస్ 6 దాటకుండా సర్దండి. సున్నా తగిలిన శబ్దం పగిలిపోతుంది, బాగుపడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. మీటరు శబ్దం ఉందనే చెబుతుంది, అది గొంతో వైరు గరగరో చెప్పదు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులోనే పెట్టండి, ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేరు. అంతా అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ముప్పై సెకన్లు రికార్డు చేసుకోవాలి. మాటల మధ్య కోసిన చోట్ల దాన్నే అతికిస్తారు. లేకపోతే ప్రతి కోత దగ్గరా శబ్దం గుంతలో పడినట్టు ఆగుతుంది.

మళ్లీ ఆ కిటికీ దగ్గరికి

మొదట్లో చెప్పిన మనిషిని ఇప్పుడు కూర్చోబెడదాం. కిటికీ ఆయన వెనక ఉండకూడదు, ఒక పక్కగా, కాస్త ముందు నుంచి వెలుతురు పడాలి. రెండో చెంప మరీ చీకటైతే అటువైపు తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెట్టండి, ఫ్రేమ్‌లోకి రానంత దగ్గరగా. వీపుకూ వెనక గోడకూ మధ్య రెండు మీటర్లు వదలండి. గోడ మసకబారుతుంది, నీడ దాని మీద పడదు. ఇప్పుడు వెనక నుంచి ఎవరైనా నడవకుండా తలుపు వేయొచ్చు కూడా. కెమెరా ఎత్తు ఆయన కళ్ల ఎత్తే. మరీ దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి, ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫోటో అంత సెన్సర్) లెక్కలో 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీయండి. ప్రశ్నలు అడిగేవాళ్లు లెన్స్ పక్కనే, దానికి ఆనుకున్నంత దగ్గరగా కూర్చోవాలి. తెల్లకాగితం చూపించి రంగు, కంటి మీద ఫోకస్, జీబ్రా చూసి అపర్చర్, మాట్లాడించి మైకు. నాలుగూ బిగించాక రికార్డు నొక్కి, తెరమీద ఎర్రచుక్క వెలిగిందా అని కళ్లతో చూసి, ఐదు సెకన్లు ఆగి మొదటి ప్రశ్న అడగండి. రెండుసార్లు నొక్కి, తీస్తున్నామనుకుంటూ ఆపేసుకోవడం అనుభవం ఉన్నవాళ్లకూ జరిగేదే. మబ్బులు కమ్మే రోజైతే కిటికీ వెలుతురు షాట్ మధ్యలో మారుతుంది. పలచని తెల్ల పరదా వేసి, అవసరమైతే ఒక జవాబు పూర్తయ్యాక అపర్చర్ సర్దండి, జవాబు మధ్యలో ముట్టుకోవద్దు.

కార్డులో ఎంత పడుతుందో ముందే లెక్క చూసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 12.5 మెగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డు ఆ లెక్కన సుమారు 85 నిమిషాలకు నిండిపోతుంది. వీ30 అని రాసి ఉన్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాసుకోగలదు కాబట్టి దానికి ఈ భారం సరిపోతుంది. బయటికి వెళ్లేముందు కార్డును కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తిరిగొచ్చాక రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, మొదట్లో, మధ్యలో, చివర్లో తలా కాసేపు ఆడించి చూసి, శబ్దం కూడా విన్నాకే ఆ కార్డును చెరపండి.